రెండో అంకంలోనే చచ్చిపోయిన రాజు

నాటకశాల,
పక్కతెర వెనక నా స్టూలు మీద నుంచి

బావగారికి నమస్కారాలు.

ఒట్టు ఒట్టే బావా. మా నాటకశాల వెనక మెట్ల మీద కూర్చుని మనిద్దరం ఆఖరి సిగరెట్టు పంచుకున్న రోజు నుంచి ఇవాళ్టిదాకా నేను ఒక్కటి ముట్టలేదు. మీరూ అదే రోజు మానేస్తానన్నారు. మానేశారో లేదో మీ మనస్సాక్షికీ మీ ఇస్త్రీపెట్టెకీ తెలియాలి.

మన ఒప్పందంలో నాకు బాగా నచ్చింది ఎవరికీ చెప్పకూడదన్న షరతు. ఇంతకు ముందు నేను మానేసిన ప్రతిసారీ అక్క వీధంతా చాటింపు వేసింది. పాలవాడు కూడా నా చెయ్యి పట్టుకుని అభినందించాడు. వారం తిరక్కుండానే నేను అట్టతో చేసిన కొండ వెనక దాక్కుని దమ్ము లాగుతుంటే, పొగ పైకి లేచి, ప్రేక్షకులు అగ్నిపర్వతం అనుకుని చప్పట్లు కొట్టారు. మేనేజరు మాత్రం కొట్టలేదు. అందుకే ఈసారి అక్కకు గానీ, డాక్టరమ్మకు గానీ, తెర లాగేవాడికి గానీ తెలియకూడదు. కొత్త నాటకం మొదలయ్యే రోజున అక్కను ముందు వరసలో కూర్చోబెట్టి అప్పుడు చెబుదాం.

కష్టంగా ఉందా అంటే ఉంది. రాజు వేషం వేసే మా పెద్దనటుడు, మేమంతా మహారాజుగారని పిలిచే ఆయన, అంకం అయిపోగానే నా పక్కన నిలబడి గుప్పుగుప్పున వదులుతాడు. ఆయన్ని పొమ్మనలేను. ఆయనకు ఒక్క డైలాగూ గుర్తుండదు. నేను పుస్తకం చూసి పక్కనుంచి అందిస్తే ఆయన స్టేజీ మీద గర్జిస్తాడు. నేనేం అందిస్తే అదే. ఒకసారి నేను తుమ్మితే ఆయనా తుమ్మాడు.

ఒకప్పుడు నా చెవిలో లేని మనుషులు చేరి మాటలు అందించేవారు. మీరూ అక్కా నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లారు. మాత్రలు వాళ్ల నోళ్లు మూయించాయి. ఇప్పుడు పక్కనుంచి మాటలు అందించేది నేను. నాకో ఉద్యోగం ఉంది, నా గదికి నా తాళంచెవి ఉంది. ఇక సిగరెట్టు కూడా మానేస్తే అక్కకు తిట్టడానికి ఏం మిగులుతుందో చూడాలి.

మీ బావమరిది


లాండ్రీ దుకాణం,
ఆవిరిగది పక్క బల్ల

ఒరేయ్ బావమరిదీ,

నా మనస్సాక్షినే అనుమానిస్తావా? నువ్వు మానేసిన గంటకే నేనూ మానేశాను. మగాడన్నాక మాటంటే మాటే. ఇప్పుడు నన్ను చూస్తే గుర్తుపట్టలేవు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతున్నాను. గంజికి ఇంత కమ్మని వాసన ఉంటుందని ఇన్నాళ్లూ నాకు తెలియనే తెలియదు. నిద్ర తక్కువ, హుషారు ఎక్కువ. మీ అక్క కూడా "ఏమిటీ మధ్య, గెంతుతున్నారు?" అంటోంది. ఆవిరిగదిలో పని పెరిగింది కాబట్టి అటూ ఇటూ తిరగాల్సి వస్తోందన్నాను.

ఫోనులో మాత్రం ఈ సంగతి ఎత్తకు. దుకాణం ఫోను మీ అక్క చేతికి అందేంత దూరంలో ఉంటుంది, ఆవిడ చెవి ఇంకా దగ్గర్లో ఉంటుంది. ఉత్తరమే రాయి. పోస్టువాడికి చెప్పి ఉంచాను, నా చేతికే ఇస్తాడు.

ఏ ఇబ్బంది వచ్చినా నన్ను తలుచుకో. బావ మానగలిగాడు, నేను మానలేనా అనుకో.

నీ బావ


నా గది,
కిటికీ పక్కన

బావగారికి,

మిమ్మల్ని తలుచుకుంటూనే ఉన్నాను, తలుచుకునేలోగా నిద్రపోతున్నాను.

ఏమిటో బావా, మీకు హుషారొచ్చింది, నాకు నిద్రొచ్చింది. పొద్దున లేస్తే దిండు తడిసి ముద్దయి ఉంటోంది. ముందు పైకప్పు కారుతోందనుకుని ఇంటి ఓనరుతో పోట్లాడాను. ఆయన నిచ్చెన వేసుకుని పైకెక్కి, అంతా వెతికి, దిగి వచ్చి నా మొహం చూసి "కారేది మా కప్పు కాదు బాబూ, మీ నోరు" అన్నాడు. మంచం మీద నుంచి గబుక్కున లేస్తే గది గిర్రున తిరుగుతోంది. కడుపు సంగతి మీకు రాయడం మర్యాద కాదు. అది సమ్మెలో ఉంది.

ఈ మాత్రల కోసం నెలనెలా చేసే రక్తపరీక్షకు క్లినిక్కుకు వెళ్లాను. డాక్టరమ్మ సెలవులో ఉంది, నర్సు మాత్రమే ఉంది. "కొత్తగా ఏమైనా మొదలుపెట్టావా? వేరే మందులు, మద్యం, ఏమైనా?" అని అడిగింది. ఏమీ మొదలుపెట్టలేదన్నాను. అబద్ధం కాదు కదా. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పడం నాకు వృత్తిలో పట్టుబడింది. లేని డైలాగు మనమెందుకు అందించాలి?

మీకు నిజంగా నిద్ర రావడం లేదా? ఇద్దరం ఒకే రోజు మానేశాం. సిగరెట్ల వల్లే అయితే మీకూ రావాలి. రాలేదంటే ఇది సిగరెట్ల వల్ల కాదు. నాకు లోపల భయం మొదలైంది. పాత జబ్బు కొత్త వేషం కట్టి వస్తోందేమో.

మీ బావమరిది


లాండ్రీ దుకాణం,
ఆవిరిగది లోపల, తలుపు వేసి

ఒరేయ్,

పిచ్చి ఆలోచనలు పెట్టుకోకు. నాకు మొదటి రెండు రోజులు కొంచెం ఆవలింతలు వచ్చాయి, పోయాయి. నీకు ఒళ్లు బద్ధకం, అంతే. దానికి మందు కాఫీ. పార్సిల్లో పెద్ద డబ్బా పంపిస్తున్నాను. చిక్కగా, నల్లగా, చెంచా నిలబడేట్టు కలుపుకుని రోజంతా తాగు. మాత్రలు మాత్రం మానకు. అవి మానేస్తే మీ అక్క నా తోలు తీసి ఇస్త్రీ చేస్తుంది.

ఇంకో సంగతి, దాచి లాభం లేదు. మొన్న నువ్వు ఫోనులో మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో గురక పెట్టావట. మీ అక్క రిసీవరు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ రోజు నుంచి దుకాణం వెనక గది ఖాళీ చేయిస్తోంది. పాత హ్యాంగర్లు, చిరిగిన దుప్పట్లు అన్నీ బయటికి తీయించింది, గోడలకు తెల్ల రంగు వేయిస్తోంది. "వాడు బాగుంటే సంతోషం, లేకపోతే తెచ్చేసుకుంటాను, నా కళ్ల ముందుంటాడు" అంటోంది. మంచం కూడా కొనేసింది. ఆవిడ మంచం దాకా వచ్చిందంటే మాటలు అయిపోయినట్టే.

కాబట్టి కాఫీ తాగు, కళ్లు తెరువు.

నీ బావ


నాటకశాల,
మేకప్ గది

బావగారికి,

రాజు చచ్చిపోయాడు. కంగారు పడకండి, నాటకంలోనే. కానీ చావాల్సింది మూడో అంకంలో, చచ్చింది రెండో అంకంలో.

జరిగింది చెబుతాను. మీ కాఫీ మొదలుపెట్టాక చేతులు వణకడం, గుండె దడదడలాడడం కొత్తగా వచ్చి చేరాయి, నిద్ర మాత్రం ఎక్కడికీ పోలేదు. పైగా ఇంకా ఎక్కువైంది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. నిన్న రెండో అంకంలో, రాణి వచ్చి "ప్రభూ, యుద్ధం గెలిచారు" అంటుంది. మహారాజుగారు అలవాటు చొప్పున చెవి నా వైపు వంచాడు. నేను అప్పుడే ఒక కునుకు తీసి ఉలిక్కిపడి లేచాను. చేతి వణుకులో పేజీలు ఒక్కసారే బోలెడు తిరిగిపోయాయి. కళ్ల ముందు ఏది ఉంటే అది అందించాను. "ఆహ్, ఈ బాణం నా గుండెను చీల్చింది."

ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు బావా. గెలిచిన సంబరం మధ్యలో, ఒక్క బాణం కూడా లేని చోట, గుండె పట్టుకుని దభీమని పడిపోయాడు. రాణి వేషం వేసే ఆవిడ గట్టి నటి, అప్పటికప్పుడు నిజంగానే ఏడ్చింది. సేనాపతి "ఎక్కడిదీ బాణం?" అని వెతకడం మొదలుపెట్టాడు. మేనేజరు తెర దించేశాడు. మరి మూడో అంకంలో రాజు లేకపోతే ఎలా? మహారాజుగారే మీసం మార్చుకుని రాజుగారి తమ్ముడిగా వచ్చి మళ్లీ చచ్చిపోయాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

నేను నవ్విస్తున్నానని నవ్వకండి. మేనేజరు నన్ను పిలిచి నెమ్మదిగా మాట్లాడాడు. అరిచి ఉంటే బాగుండేది. "ఒంట్లో బాగాలేకపోతే ఇంటికెళ్లు. కొత్త నాటకానికి వేరేవాళ్లను చూసుకుంటాను. ఇంకొక్కసారి ఇలా జరిగితే మాత్రం చెప్పకుండానే తీసేస్తాను" అన్నాడు.

బావా, నాకు భయంగా ఉంది. మీరు గుర్రప్పిల్లలా గెంతుతున్నారు, నేను గోడకు ఆనుకుని నిద్రపోతున్నాను. మానింది ఇద్దరం. తేడా నాలోనే ఉంది. డాక్టరమ్మకు చెబితే జబ్బు తిరగబెట్టిందంటుంది, అక్క ఆ తెల్లగోడల గదిలో పెడుతుంది. అక్క ప్రేమకు నేను వంక పెట్టను. కానీ ఆ గదికి తాళంచెవి అక్క దగ్గర ఉంటుంది. నాకు నా తాళంచెవి కావాలి.

అందుకని ఎవరికీ చెప్పడం లేదు. మీరూ చెప్పకండి.

మీ బావమరిది


లాండ్రీ దుకాణం

ఒరేయ్ బావమరిదీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీకొక మాట చెప్పాలి. చెప్పాలంటే పెన్ను కదలడం లేదు. అసలు సంగతేమిటంటే, నేను మానేశానని చెప్పానే, అది కొంతవరకు

తమ్ముడూ, నేను అక్కను. పెన్ను లాక్కున్నాను.

కొంతవరకేమిటి, మొత్తం అబద్ధమే. మీ బావ ఒక్క పూట కూడా మానలేదు. ఒక పెళ్లికొడుకు సూటు తీసుకెళ్లి మర్నాడు వెనక్కి తెచ్చాడు. "అమ్మా, ఇది ఉతికారా, పొగబెట్టారా?" అన్నాడు. ఈయనేమో "మీ స్నేహితులు తాగి ఉంటారు సార్" అని దబాయించాడు. నేను వరసగా వేలాడుతున్న కోట్లన్నీ వాసన చూశాను. ఊరందరి స్నేహితులూ ఒకే రకం సిగరెట్టు తాగుతారా? ఆవిరిగదిలో పని పెరిగిందన్నాడు. పనేమిటో అక్కడి కిటికీ గట్టు మీద సిగరెట్టు పీకలు చెప్పాయి. అప్పటినుంచి దొంగకు తేలు కుట్టినట్టు తిరుగుతున్నాడు. నీ ఉత్తరాలన్నీ కక్కించి చదివాను.

చదివి ముందు ఏడ్చాను, తర్వాత మీ ఇద్దర్నీ తిట్టాను. ఈయన్ని ఎదురుగా తిట్టాను, నిన్ను ఇక్కడ తిడుతున్నాను. నువ్వు మానేశావన్న మాట నాకు చెప్పకపోతే పోనీ. నేను వీధిలో చాటిన మాట నిజమే, నా నోరు నాకు తెలుసు. కానీ డాక్టరు దగ్గర కూడా నోరు కుట్టేసుకుంటావా? ఈయన గెంతుతున్నాడు కాబట్టి నీలోనే తేడా ఉందనుకున్నావు. ఈయన గెంతింది దొంగతనంగా దమ్ము కొట్టిన సంబరంతో. ఈయన్ని చూసి నిన్ను నువ్వు కొలుచుకోకు.

ఇప్పుడు చెప్పేది విను. రేపే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లు. నిద్ర సంగతి, దిండు సంగతి, సిగరెట్ల సంగతి, ఈయన కాఫీ సంగతి, అడిగినా అడక్కపోయినా అన్నీ చెప్పు. ఆ తర్వాత ఆవిడ ఏమంటే అది. గది మాట తర్వాత చూసుకుందాం. నిన్ను బంధించడానికి కాదు నాన్నా ఆ గది. నాకు భయమేసి సిద్ధం చేయించాను.

అక్క


నా గది

అక్కకూ, పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉండే బావగారికీ,

వెళ్లాను. అన్నీ చెప్పాను. డాక్టరమ్మ సిగరెట్టు అన్న మాట దగ్గర పెన్ను కింద పెట్టేసింది. "ఎప్పుడు మానేశావు?" అంది. చెప్పాను. "కాఫీ ఎంత తాగుతున్నావు?" అంది. డబ్బా సైజు చేతులతో చూపించాను. ఆవిడ రెండు చేతుల్లో తల పెట్టుకుంది.

జబ్బు తిరగబెట్టలేదక్కా. ముందు ఆ మాట చదువుకుని ఊపిరి పీల్చుకోండి, నేనూ అక్కడే పీల్చుకున్నాను.

నాకు అర్థమైంది రాస్తున్నాను. మన కాలేయంలో మందుల్ని విరిచి బయటికి పంపే పనివాళ్లు ఉంటారట. సిగరెట్టు పొగ వాళ్లను తరిమి తరిమి పనిచేయిస్తుందట. అన్ని మందులూ కాదు గానీ నా మాత్రలాంటి కొన్నింటిని వాళ్లు మరీ తొందరగా ఊడ్చి పారేస్తారు. నేను పెట్టెలకు పెట్టెలు కాల్చే రోజుల్లో ఆస్పత్రిలో నా మోతాదు కుదిర్చారు. ఊడ్చేవాళ్లు అంత జోరుగా ఉన్నారు కాబట్టి మాత్ర కూడా అంత పెద్దగా పడింది. ఇప్పుడు పొగ ఆగింది. పనివాళ్లు జోరు తగ్గించారు. నేను మాత్రం పాత మోతాదే వేసుకుంటున్నాను. మందు ఒంట్లో పేరుకుపోయింది. నిద్ర, చొంగ, తల తిరగడం, కడుపు సమ్మె అన్నీ దాని వల్లే. ఇంకా పెరిగితే ఫిట్స్ కూడా వచ్చేవట.

బావగారి కాఫీ సంగతి. దాన్ని ఊడ్చేది కూడా ఆ పనివాళ్లేనట. ఉన్న మందునే ఊడ్చలేక వాళ్లు చతికిలబడితే మనం బస్తాలకొద్దీ కాఫీ తెచ్చి వాళ్ల నెత్తిన దించాం. దాంతో మందు ఇంకా పేరుకుంది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని డాక్టరమ్మ అనలేదు, నేనే అన్నాను.

"మానేముందు నాకు చెప్పాలని మొదట్లోనే చెప్పానుగా?" అని కోప్పడింది. "ఆ రోజుల్లో నాతో చాలామంది మాట్లాడుతుండేవారు డాక్టరుగారూ, మీ మాట ఆ గోలలో ఎక్కడో కలిసిపోయి ఉంటుంది" అన్నాను. ఆవిడ కోపం మరిచిపోయి నవ్వింది.

రక్తంలో మందు ఎంతుందో చూసి మోతాదు మెల్లమెల్లగా తగ్గిస్తోంది. నా అంతట నేను ఒక ముక్క కూడా తుంచకూడదని గట్టిగా చెప్పింది. ఇంకో మాట ఉంది. మళ్లీ సిగరెట్టు మొదలుపెడితే ఈ తగ్గించిన మందు చాలదట. ఆ లేని మనుషులు మళ్లీ నా చెవి దగ్గర చేరతారు. "మానినా నాకు చెప్పు, మొదలుపెట్టినా నాకు చెప్పు. సిగరెట్టు నీ విషయంలో సరదా కాదు, అదీ ఒక మోతాదే" అంది. సిగరెట్టు బదులు నికోటిన్ బిళ్ల నమిలితే ఏమీ కాదట, తేడా చేసేది పొగేనట.

మేనేజరుకు కూడా ఇదంతా చెప్పాను. "అంటే ఆ రాజును చంపింది సిగరెట్టు మానడమా?" అన్నాడు. కొత్త నాటకం పుస్తకం నా చేతిలో పెట్టాడు.

అక్కా, గది మీద కోపం లేదు. మంచం మాత్రం అమ్మేయండి.

మీ తమ్ముడు, మీ బావమరిది


దుకాణం వెనక గది,
కొత్త మంచం

ఒరేయ్ బావమరిదీ,

పైన చిరునామా చూశావుగా. మంచం అమ్మలేదు, నాకిచ్చింది. నీ కోసం తెల్ల రంగు వేసిన గోడలు ఇప్పుడు నేను లెక్కపెడుతున్నాను. "కోట్లకు పొగ పట్టకుండా, నా ముక్కుకు వాసన తగలకుండా, మానేదాకా ఇక్కడే పడుకోండి" అంది. భోజనానికి మాత్రం పైన ఇంట్లోకి రానిస్తోంది, అదీ నోరు వాసన చూసి.

అన్నట్టు, నీ మేనేజరుకు చెప్పు, ఆ రాజును చంపిన పాపంలో సగం నాది. కాఫీ డబ్బా పంపిన చెయ్యి ఇదే. నేను మానకుండానే మానేశానని కోతలు కోయడం వల్ల నువ్వు ఒక్కడివే భయపడుతూ కూర్చున్నావు. అది తలుచుకుంటే నిద్ర పట్టడం లేదురా.

ఇవాళ పొద్దున్నే మానేశాను. ఈసారి పెద్ద పెద్ద మాటలు చెప్పను. మీ అక్క వీధంతా చాటేసింది. పాలవాడు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

నీ బావ


నాటకశాల,
పక్కతెర వెనక నా స్టూలు

బావగారికి,

కొత్త నాటకం నిన్న మొదలైంది. అక్క వచ్చింది, ముందు వరసలో కూర్చుంది. హాస్యం సీనులో ఏడ్చింది, ఏడ్చే సీనులో నా వైపు చూసి నవ్వింది. పక్కన కూర్చున్నవాళ్లు లేచి వేరే చోటికి వెళ్లారు.

తెర లేచే ముందు మహారాజుగారు సిగరెట్టు పెట్టె తెరిచి నా ముందు పెట్టాడు. "మొదటి రోజు. ఒక్క దమ్ము లాగు, అదృష్టం కలిసొస్తుంది" అన్నాడు. పెట్టె వాసనకే నా చెయ్యి సగం దూరం వెళ్లింది బావా, అబద్ధం చెప్పను. అప్పుడు అన్నాను: "మహారాజా, నేను సిగరెట్టు కాల్చాలంటే ముందు డాక్టరుకు చెప్పాలి, రక్తం ఇవ్వాలి, మాత్రల చీటీ మార్పించుకోవాలి. అంత తతంగం పెట్టుకుని కాల్చే సిగరెట్టు నాకొద్దు." ఆయన అలవాటు చొప్పున "నాకొద్దు" అని తన చేతిలోదీ కింద పారేశాడు. తర్వాత తెలివి తెచ్చుకుని దాని కోసం వెతికాడు గానీ అప్పటికే గంట మోగింది.

నాటకంలో మూడుచోట్ల మరిచిపోయాడు. మూడుచోట్లా అందించాను. ఎవరూ తొందరపడి చావలేదు. ముగిశాక నా గదికి నడిచి వచ్చి నా తాళంచెవితో నా తలుపు నేనే తీసుకున్నాను. దిండు పొడిగా ఉంది.

మీ బావమరిది


దుకాణం వెనక గది

ఒరేయ్,

నా వల్ల కావడం లేదురా. చేతులు ఊరుకోవడం లేదు. ఇవాళ ఒకాయన కోటు జేబులో నిండు సిగరెట్టు పెట్టె దొరికింది. నా బల్ల మీదే ఉంది, నన్నే చూస్తోంది. మీ అక్క బజారుకు వెళ్లింది. ఇలాంటప్పుడు ఏమనాలో ఏదో అనుకుని పెట్టుకున్నాను గానీ అది గుర్తుకు రావడం లేదు. నువ్వు పక్కనుంచి ఏదైనా అందించు.

నీ బావ


పక్కతెర వెనక నుంచి

బావా,

"వద్దు."

అదే మీ డైలాగు. గుండె నిండా గాలి పీల్చుకుని చెప్పండి. చివరి వరస దాకా వినిపించాలి. మరిచిపోయినప్పుడల్లా రాయండి, అందిస్తాను. నేనిప్పుడు మేలుకునే ఉన్నాను.

మీ బావమరిది